లారీ కేబిన్లో కెమెరా ఎవరి కోసం

టెక్కలి నుంచి గ్రానైట్ లోడుతో విశాఖ పోర్టుకి వెళ్లే డ్రైవర్ని ఎవర్నైనా అడగండి, నిద్ర గట్టిగా ఎప్పుడొస్తాదంటే రాత్రి 2 దాటాకే అంటాడు, తెల్లారి 5 దాకా అదే బాధ, మళ్లీ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకోసారి. మా మావయ్యదీ అదే మాట. టీ తాగినా మొహం కడిగినా కాసేపే పనిచేస్తాది, ఒంటికి కావలసింది నిద్రే కదా.

ఈ కునుకుని కంప్యూటర్‌తో పట్టే పద్ధతి మీద నాకు చాలా ఆశ ఉంది, లాప్‌టాప్‌లో చేసి చూశాను కూడా. కెమెరా మొహాన్ని గుర్తుపట్టి ఒక్కో కంటి చుట్టూ 6 పాయింట్లు పెడతాది, రెప్పల మధ్య దూరాన్ని కంటి వెడల్పుతో భాగిస్తే ఒక నంబరొస్తాది, కన్ను మూసుకుంటే ఆ నంబరు సున్నా వైపు పడిపోతాది, అంతే. 2016లో తెరెజా సౌకుపోవా, యాన్ చెక్ అనే పరిశోధకులు రాసిన రీసెర్చ్ పేపర్లోది ఈ లెక్క.

కానీ కన్ను మూశాక బీప్ కొడితే లేటే. 80 స్పీడులో 3 సెకన్లు కన్ను మూస్తే బండి 66 మీటర్లు వెళ్లిపోతాది, ముందు లైటు లేని ట్రాక్టరుంటే ఇంకేటి చెప్పాలి. అందుకే పెర్‌క్లోస్ చూడాలి, అంటే ఒక నిమిషంలో ఎంతసేపు కళ్లు 80 శాతం పైగా మూతపడి ఉన్నాయో అన్న లెక్క. రెప్పలు బరువెక్కి నెమ్మదిగా వాలుతున్నప్పుడే అది పెరగడం మొదలవుతాది.

మన రోడ్డుకి ఇంకా చెయ్యాల్సింది చాలా ఉంది. రాత్రి కేబిన్లో మామూలు కెమెరాకి ఏమీ కనబడదు, ఇన్‌ఫ్రారెడ్ లైటు కావాలి. కళ్లు చిన్నగా ఉన్నవాళ్లని చూసి ఊరికే అరిస్తే డ్రైవరు దాని వైరు పీకేస్తాడు, అందుకే బండెక్కిన కొత్తలో ఆ మనిషి కన్ను మామూలుగా ఎంత తెరుచుకుంటాదో ముందు నేర్చుకోవాలి. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కారు, బస్సు, లారీ ఏదైనా అందులో నిద్రమత్తు హెచ్చరిక ఉండాల్సిందే, మనకి మాత్రం ఇప్పుడు తిరుగుతున్న పాత లారీల్లో బిగించుకునేది కావాలి.

అసలు నాకు బాధనిపించేది ఆ బీప్ తర్వాత జరిగేది. ఓనర్ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావురా అంటుంటే డ్రైవరు ఎలా ఆపుతాడండి? రోజుకి 8 గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. బీప్ మోగితే బండి పక్కకి పెట్టి అరగంట పడుకోవచ్చు, ఆ లేటుకి డబ్బులు కొయ్యను అని ఓనర్ ముందే చెప్పాలి, ఆ బీప్‌ల రికార్డు చూసి డ్యూటీ తగ్గించాలి గాని ఫైన్ వెయ్యకూడదు.

శ్రీకాకుళం వైపు ఎవరైనా ఓనర్ ఈ షరతుకి ఒప్పుకుంటే చెప్పండి, కెమెరా నేను తెచ్చి బిగిస్తాను, నైట్ ట్రిప్పుకి డ్రైవర్ పక్క సీట్లో కూచుని చూస్తాను.