నా ఒంటి సంగతి నాతో చెప్పిన డాక్టర్

మా వాడకట్టులో నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే "గర్భసంచి తీశారా?" అని అడగరు, "ఎప్పుడు తీశారు?" అని అడుగుతారు. మాది దేవరకొండ వైపు ఊరు. పత్తి ఏరేవాళ్లయినా, నాలాగా మిషన్ కుట్టుకునేవాళ్లయినా చాలామందిది ఒకటే దారి. బ్లీడింగ్ ఎక్కువైతే ముందు ఆర్ఎంపీ, తర్వాత స్కానింగ్, ఆ తర్వాత ఆపరేషన్. ఎందుకు తీశారంటే "ఖరాబైందంట" అంటారు. అండాశయాలు ఉంచారా అంటే తెలియదంటారు. వాళ్లకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

నాకు 43 ఏళ్లు. పోయిన ఎండాకాలంలో బ్లీడింగ్ ఆగక, మిషన్ తొక్కుతుంటే కళ్లు తిరిగేవి. రక్తం ఆరు గ్రాములే ఉందని ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో అడ్మిట్ చేసి రక్తం ఎక్కించారు. ఆ రక్తంతోనే మళ్లీ లేచి నిలబడ్డాను, అది మరచిపోను. కానీ మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ నా మంచం పక్కన నిలబడి మా ఆయనతో మాట్లాడారు. "గడ్డ ఉంది. సంచి తీసేద్దాం. పిల్లలున్నరు కదా, ఇంక దాంతో పనేముంది? ఉంచితే క్యాన్సర్ అయితది."

"సార్, గడ్డ ఎంతుంది?" అని నేను అడిగాను.

"అన్నీ మీ ఆయనకు చెప్పినం కదమ్మా."

అక్కడ ఎవరూ నన్ను కసురుకోలేదు. అందరూ అమ్మా అనే పిలిచారు, దుప్పటి రోజూ మార్చారు. సంతకం పెట్టాల్సిన కాగితం మాత్రం మా ఆయన చేతికిచ్చారు. అంతా ఇంగ్లిష్‌లో ఉంది. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, "ఆమెనడిగి చెప్త సార్" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అన్న మాటల్లో నాకు బాగా గుర్తుండేది అదే.

డిశ్చార్జ్ అయ్యాక మా చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో లా చదువుతోంది. అది వెంటనే "పెద్దమ్మా, ముందు నీ ఫైలు అడుగు" అంది. వెళ్లి అడిగితే కౌంటర్‌లో "ఎందుకమ్మా, కేసు పెడ్తవా?" అన్నారు. వేరే డాక్టర్‌కు చూపించుకుంటానన్నాను. డిశ్చార్జ్ కాగితం చాలన్నారు. ఆ కాగితంలో గడ్డ సైజు కూడా లేదు.

రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. రెండో డాక్టర్ సలహా తీసుకోవడం కూడా మన హక్కేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతుంది. తెలుగులోనే దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద ముద్ర వేసి తేదీ రాయమన్నాను. ముద్ర వేయడానికి చాలాసేపు గునిశారు. ముద్ర పడ్డాక మాత్రం మాట మారింది. కేస్ షీట్ జిరాక్స్, స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చాయి. మీలో ఎవరికైనా ఈ అవసరం పడితే నోటి మాటగా అడగకండి, రాసి ఇవ్వండి.

ఆ పిల్ల నాకు ఇంకో సంగతి చెప్పింది. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లి అనే ఆమెకు పరీక్ష కోసమని మత్తు ఇచ్చారు. ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వస్తే తప్ప, తన సంగతి తాను చెప్పుకోగల మనిషి ఒప్పుకోకుండా తల్లి ఒప్పుకుంటే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె మత్తులో ఉంది. నేను మెలకువగా ఉన్నాను, నోరు తెరిచి అడిగాను కూడా.

ఫైలు పట్టుకుని సాగర్ రోడ్డు బస్సెక్కి హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. ఓపీ దగ్గర మగవాళ్లు కూడా ఉన్న వరసలో ఒక సిస్టర్ "ఎన్ని రోజుల నుంచి పోతుంది బ్లీడింగ్?" అని గట్టిగా అడిగింది. లోపల చెప్తానంటే "ఇక్కడ చెప్తే ఏమైతది" అని విసుక్కుంది. ఆమె ముందు ఎంతమంది ఉన్నారో చూశాను, పని ఎంతో తెలుసు. అయినా ఆ మాట తప్పే. మావైపు ఆడవాళ్లు పెద్దాసుపత్రికి ఒకసారి పోయి మళ్లీ పోకపోవడానికి మందులు లేకపోవడం కంటే ఇలాంటి మాటే ఎక్కువ కారణమని నా నమ్మకం.

లోపల డాక్టర్ చిన్నపిల్ల, పీజీ చేస్తున్నట్టుంది. "చెప్పండక్కా" అని నా వైపు తిరిగింది. మా ఆయన చెప్పబోతే "అన్నా, ముందు అక్కను చెప్పనియ్యండి" అంది. పరీక్ష చేసే ముందు తెర లాగి, "చూడొచ్చా? నొప్పయితే చెప్పండి, ఆపేస్తా" అంది. ఓపీ చీటీ వెనక గర్భసంచి బొమ్మ గీసి, గడ్డ ఎక్కడుందో చుక్క పెట్టింది. ఇలాంటి ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదని, ముట్లు ఆగిపోయాక చాలామందిలో అది కుంచించుకుపోతుందని చెప్పింది. అయితే నలభై దాటాక ఇంత బ్లీడింగ్ అయితే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే, దాన్ని వదిలేయొద్దని కూడా చెప్పింది. ట్రానెగ్జమిక్ యాసిడ్ మాత్రలు బ్లీడింగ్ అయ్యే రోజుల్లోనే వేసుకోవాలి. ఐరన్ మాత్రలు రోజూ. వీటితో తగ్గకపోతే లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆపరేషన్ ఆ తర్వాతి మాట. ముట్లు ఆగకముందే అండాశయాలు కూడా తీసేస్తే ఒంట్లో ఆవిర్లు వస్తాయని, ఎముకలు బలహీనమవుతాయని చెప్పింది. మా అక్కకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒళ్లు మండుతోందంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అది నాకప్పుడు గుర్తొచ్చింది.

చివర్లో "మీరేమనుకుంటున్నరు అక్కా?" అని అడిగింది. నా ఇద్దరు పిల్లల కాన్పుల్లో కూడా ఆసుపత్రిలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. గొంతు పట్టేసి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె తొందరపెట్టలేదు. బయట అంత పెద్ద వరస ఉండగానే కాసేపు ఆగింది.

ముక్క పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. మాత్రలతో బ్లీడింగ్ తగ్గింది, రక్తం పదకొండు గ్రాములకు వచ్చింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పిందట. మా ఊరి ఆశ అక్కకు ఆ సంగతి చెప్పి, నా దరఖాస్తు నమూనా జిరాక్స్ తీసి ఇచ్చాను. పక్కింటి వదిన దాంతోనే తన ఫైలు తెచ్చుకుంది. ఆమెకు ఆపరేషన్ నిజంగానే అవసరమైంది. ఎందుకో తెలుసుకుని, తనే సంతకం పెట్టి చేయించుకుంది.

సంక్రాంతి తర్వాత నాకు మళ్లీ స్కానింగ్ ఉంది. గడ్డ పెరిగితే ఆపరేషన్ గురించి మాట్లాడుకుందామని డాక్టర్ అంది. అప్పుడు అడగాల్సినవి ఆ ఓపీ చీటీ మీదే, బొమ్మ కింద రాసి పెట్టుకున్నాను. అండాశయాలు ఉంచుతారా అన్నది మొదటి ప్రశ్న.