తెరకూ తెరకూ మధ్య

బిడ్డకు కోరింత దగ్గు. గుక్క తిప్పుకోనివ్వని దగ్గు తెర ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసుకునే పుస్తకంలో ఈ రోజు పేజీ నిండా అంకెలే. తెల్లవారుజాము 3:40: దాదాపు నిమిషం సేపు తెర, చివర ఊపిరి లాగేటప్పుడు కూత, వాంతి, పెదాల రంగు మామూలే. 5:15: చిన్నది, వాంతి లేదు. 7:05: పాలు తాగుతుండగా మొదలైంది, తాగినదంతా కక్కేసింది.

కోరింత దగ్గు పట్టిన పిల్లల్ని పగటిపూట చూస్తే జబ్బుందనే అనిపించదు. తెరకూ తెరకూ మధ్య హాయిగా ఆడుకుంటారు. డాక్టరు ముందున్న ఆ పది నిమిషాలూ దగ్గు రాకపోతే మామూలు జలుబనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపుంది, కూత, వాంతి, రంగు అన్నీ రాసిపెట్టడం. ముఖం, ఛాతీ కనబడేలా, చప్పుడు వినబడేలా ఒక్క తెర ఫోన్లో వీడియో తీసి చూపిస్తే ఇంకా మేలు.

బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బాక్టీరియా ఊపిరి గొట్టాల లోపలి సన్నని నూగుకు అతుక్కుని విషం వదులుతుంది. కళ్లెను పైకి తోసేది ఆ నూగే. అది దెబ్బతిన్నాక జిగట కళ్లెను కదిలించడానికి దగ్గొక్కటే దారి. పదీ పదిహేను దగ్గులు గుక్క తిప్పుకోనివ్వకుండా వస్తాయి. ఊపిరంతా ఖాళీ అయ్యాక, ఇరుకైన గొంతులోంచి గాలి ఒక్క ఉదుటున లోపలికి పోతుంటే వచ్చే చప్పుడే ఆ కూత.

తెర వచ్చినప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. కూర్చోబెట్టి కాస్త ముందుకు వంచి, ఒక చేత్తో నుదురు పట్టుకుని, ఎదురుగా గిన్నె పెట్టాలి. పసిబిడ్డనైతే పక్కకు తిప్పి పట్టుకోవాలి, కళ్లె బయటికి జారిపోయేలా. ఆ సమయంలో నీళ్లు పట్టకూడదు, నోట్లో వేలు పెట్టకూడదు, వీపు మీద బాదకూడదు. మనం కంగారు పడితే బిడ్డ ఏడుస్తుంది, ఏడుపు ఇంకో తెరను లేపుతుంది.

వాంతి అయ్యాక భయపడి తిండి ఆపేస్తుంటారు. నిజానికి తినిపించడానికి అదే మంచి వేళ. తెర అయిపోయాక కాసేపు దగ్గు ఊరుకుంటుంది. ఊపిరి కుదుటపడ్డాక, ఓ పదిహేను నిమిషాలు ఆగి, కొంచెం కొంచెంగా పెట్టాలి. 7:05 పాలు పోయినా 7:30కి సగం గ్లాసు నిలిచింది. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, నాలుక ఎండినా ఇంట్లో ఆగకూడదు.

దగ్గు సిరప్పులతో దీనికి ఉపయోగం లేదు. మరిగే నీళ్ల ఆవిరి పట్టిస్తే, తెర మధ్యలో గిన్నె ఒలికి ఒళ్లు కాలొచ్చు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన విషబాధ రావచ్చు. పొగ, అగరుబత్తి, దుమ్ము గదిలోకి రానీయకూడదు. కంటి తెల్లగుడ్డు మీద నెత్తుటి మచ్చ కనబడితే దగ్గు ఒత్తిడికి చిట్లిన సన్నని రక్తనాళమే అది, సాధారణంగా రెండు వారాల్లో పోతుంది.

మందు గురించి అపోహ ఎక్కువ. మొదటి వారం, రెండు వారాలు జలుబులాగే ఉంటుంది, జబ్బు ఎక్కువగా అంటుకునేదీ యాంటీబయాటిక్ బాగా పనిచేసేదీ అప్పుడే. కూత మొదలయ్యాక వేస్తే దగ్గు పెద్దగా తగ్గదు కానీ ఇతరులకు అంటకుండా ఆగుతుంది. మూడు రోజులకే 'గుణం లేద'ని మానేస్తే ఆ లాభమూ పోతుంది. ఎక్కువగా వాడే అజిత్రోమైసిన్ 5 రోజుల కోర్సు, మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఆ 5 రోజులూ పూర్తయ్యేదాకా, మందు వేయకపోతే దగ్గు మొదలైన దగ్గర్నుంచి 21 రోజులదాకా బడి వద్దు. ఇంట్లో పసిబిడ్డో గర్భిణో ఉంటే మిగతావాళ్లకూ మందు కావాలేమో అడగాలి.

అన్నిటికన్నా భయం ఆరు నెలల లోపు బిడ్డల గురించే. వాళ్లకు కూత రాకపోవచ్చు, దగ్గే సరిగా ఉండకపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. ఈ దగ్గు అనుమానం వస్తే చాలు, వాళ్లను ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ వయసులోనైనా పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. తెరలు లేనప్పుడు కూడా డొక్కలు ఎగరేస్తున్నా, జ్వరం బాగా పెరిగినా న్యుమోనియా అయి ఉండొచ్చు. టీకా ఆరు వారాల వయసులో మొదలవుతుంది. అంతకు ముందు రక్షణ తల్లి నుంచే రావాలి, అందుకే గర్భంలో 27 నుంచి 36 వారాల మధ్య తల్లికి టీకా ఇస్తారు.

ఇది మూడో వారం. పూర్తిగా తగ్గడానికి ఇంకా వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు, మామూలు జలుబు చేసినప్పుడల్లా ఇదే కూత వినబడొచ్చు, అది తిరగబెట్టడం కాదు.

రాత్రి 9:30: చిన్న తెర, వాంతి లేదు. నిన్న ఈ వేళకు 14 తెరలు, ఈ రోజు 11.