‘ఇంకో గుడి చూడను’: పిల్లలతో సాల్ట్ లేక్ సిటీ

“ఇంకో గుడా? పైగా ఇది మనది కూడా కాదు!” సాల్ట్ లేక్ సిటీలో ఆగుదామనగానే మా పన్నెండేళ్ళ పిల్ల అన్న మాట. మన గుడికి రమ్మంటే మొహం ముడుచుకునే పిల్లకి, ఎవరిదో గుడి అనేసరికి ‘మనది’ గుర్తొచ్చింది. కోప్పడాలో సంతోషించాలో నాకు తెలియలేదు.

అమెరికాలో ఉంటున్న మనలో చాలామందికి ఈ ఊరు ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్ళేటప్పుడు విమానం దిగి కారు అద్దెకి తీసుకునే చోటు, అంతే. రెండు రోజులు ఆగండి. ఊరంతా గళ్ళు గీసినట్టుంటుంది. అడ్రసులన్నిటికీ లెక్క ఆ గుడి ఆవరణ, టెంపుల్ స్క్వేర్ మూల నుంచే మొదలు. 300 సౌత్ అంటే అక్కణ్ణించి దక్షిణంగా మూడో వీధి. ఫోను జేబులో పెట్టేసి దారి చెప్పే పని పిల్లలకి అప్పగించండి, గుడి మాట మర్చిపోతారు. దెబ్బ తినేది దూరం దగ్గర. ఒక్కో బ్లాకు 660 అడుగులు, మధ్యలో వీధి వెడల్పు 132 అడుగులు. “మూడు బ్లాకులే కదా” అంటే ఏడు వందల మీటర్ల పైమాటే. ఊరు 4,200 అడుగుల ఎత్తున ఉంది, గాలి పొడి. చెమట తెలియదు కానీ పిల్లలు త్వరగా వాడిపోతారు. మనిషికో నీళ్ళ సీసా ఉండాల్సిందే. డౌన్‌టౌన్ హద్దుల్లో ట్రాక్స్ రైలుకి టికెట్ అక్కర్లేదు. విమానాశ్రయం ఆ హద్దులో లేదు, అక్కణ్ణించి వచ్చేటప్పుడు కొనాలి.

ఆ గుడి మోర్మన్లది, అంటే క్రీస్తుని కొలిచే ఒక శాఖవాళ్ళది. 1853లో మొదలై 1893కి పూర్తయింది. భూకంపాలకి తట్టుకునేలా పునాదులు బలపరచడానికి 2019 చివర్లో మూసేశారు. 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అందరికీ తెరుస్తామని ప్రకటించారు. ఆ తర్వాత మళ్ళీ బయటివాళ్ళకి ప్రవేశం ఉండదు. వాళ్ళలో కూడా సంఘ పెద్దల అనుమతి పత్రం ఉన్నవాళ్ళే వెళ్ళాలి. “అదేం న్యాయం?” అని పిల్లలు అడుగుతారు. వెంటనే “అవును, తప్పే” అనేయబోతాం. తిరుమల డిక్లరేషన్, పూరీ జగన్నాథుడి గుడి గుర్తొచ్చి గొంతు సర్దుకుంటాం. ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్ళండి. నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆదివారం ఉదయం 9:30కి టెంపుల్ స్క్వేర్‌లో వాళ్ళ గాయకబృందం పాటల ప్రసారం ఉంటుంది, ఉచితమే. పావుగంట ముందే సీట్లో ఉండాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. ఆ రోజు సిటీ క్రీక్ మాల్ దుకాణాలు మూసి ఉంటాయి, భోజనం సంగతి ముందే చూసుకోండి.

అసలు ఎక్కువసేపు గడపాల్సింది వంశవృక్షాలు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీలో. ప్రవేశం ఉచితం, మతం అడగరు, ఆదివారం సెలవు. పోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చని మోర్మన్ల నమ్మకం. వంశవృక్షాల మీద వాళ్ళకింత పట్టుదల అందుకే. ఇది పిల్లలకి దాచకుండా చెప్పండి. తర్పణాలు వదిలే ఇళ్ళలో మూడు తరాల పేర్లు ఎందుకు చెబుతారో కూడా అక్కడే చెప్పొచ్చు, మనకి తెలిసి ఉంటే.

తెలియకపోవడమే చిక్కు. వంశవృక్షం చార్టులో నాన్న, తాత దాకా చకచకా నిండుతుంది, ముత్తాత దగ్గర నత్తనడక మొదలవుతుంది, ముత్తవ్వ గడి ఖాళీ. ఆవిడ అందరికీ ‘నాయనమ్మ’, ‘పెద్దమ్మ’, ‘ఫలానా ఊరావిడ’. ఇంటిపేరు ఏ గడిలో రాయాలన్నది ఇంకో తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు తారుమారైన ఇళ్ళలో ఒకే మనిషి ఇద్దరవుతాడు. పుట్టింటి ఇంటిపేరుతోనే ఆడవాళ్ళని రాయండి, లేకపోతే వాళ్ళ వైపు కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. వెళ్ళే ముందే ఇరువైపులా పేర్లు, ఊర్లు, తోచినంతలో పుట్టిన ఏళ్ళు కాగితం మీద పెట్టుకోండి. లైబ్రరీకి పొద్దున్నే వెళ్ళండి. వేసవిలో అక్కడ ఉదయం 9 అయితే మన ఊళ్ళో రాత్రి 8:30, అమ్మమ్మ ఇంకా మేలుకునే ఉంటుంది. మధ్యాహ్నానికి వాయిదా వేస్తే అర్ధరాత్రి ఫోను మోగి ఇల్లంతా హడలిపోతుంది.

అక్కడి మోర్మన్ పిల్లలకి ఎనిమిదేళ్ళకే బాప్తిస్మం, హైస్కూలు నాలుగేళ్ళూ మతపాఠం. ఆ కాసేపు బడి నుంచి వదులుతారు కూడా. వారానికో గంట తెలుగు క్లాసుకే ఆపసోపాలు పడి, పుట్టినరోజు పార్టీ వస్తే అదీ మాన్పించే నాలాంటివాళ్ళకి అసూయ పుట్టక తప్పదు. అక్కడ ఊరే వెనక నిలబడుతుంది, మన వెనక ఎవరున్నారని సర్దిచెప్పుకుంటాను. కానీ ముత్తవ్వ పేరు తెలియకపోవడానికి అమెరికా కారణం కాదు. ఊళ్ళో ఉన్నప్పుడూ మేమెవరం అడగలేదు. మేం అడగనిది పిల్ల గుర్తుపెట్టుకోవాలని పట్టుబట్టే హక్కు నాకుందా? “ఆవిడ ఎలా ఉండేది?” అని అది అడిగితే, పేరు దొరికినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.