తొమ్మిదితో భాగించి చూడు

పదకొండు దాటింది. ఈయన ఎప్పుడో గురక మొదలుపెట్టారు. నాకేమో మా బ్యాంకు మేనేజర్ గారి మాటే చెవిలో తిరుగుతోంది. "ఎవరి క్యాష్ వాళ్లే చూసుకోవాలి కదమ్మా."

సాయంత్రం క్లోజింగ్‌లో కొత్తమ్మాయి కౌంటర్లో 5,400 తగ్గింది. తగ్గితే క్యాషియరే చేతి డబ్బు పెట్టి కట్టాలి. పాపం, ఐదొందల కట్టలన్నీ మెషిన్లో వేసింది, మళ్లీ చేత్తో లెక్కపెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడన్నారు ఆ మాట. అని, కేబిన్‌లోకి వెళ్లి తలుపేసుకున్నారు. మొన్ననే మా అందరినీ కూర్చోబెట్టి టీమ్ వర్క్ మీద ఆన్‌లైన్ క్లాసు చేయించింది ఈ మహానుభావుడే! చివర్లో ప్రశ్నలు, పాసైతే సర్టిఫికెట్. గ్రూపులో ముందు పడింది ఆయనదే. మేం లైకు బొటనవేళ్లు పెట్టాం.

చీరాల బ్రాంచి గుర్తొచ్చింది. కంప్యూటర్లు రాకముందు. డే బుక్, అంటే ఆ రోజు జమాఖర్చుల పుస్తకం, కలవకపోతే ఎవరూ కదిలేవారు కాదు. ఒకరు వోచర్లు చదువుతుంటే ఇంకొకరు ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు పెట్టడం, మధ్యలో మిరపకాయ బజ్జీలు, నూనె మరకలు లెడ్జరు మీద పడతాయని అరుపులు. హెడ్ క్యాషియర్ గారు వక్కపొడి బుగ్గన పెట్టుకుని ముందు అడిగేది, "తేడా ఎంతమ్మా?" ఎవరిది అని ఎప్పుడూ అడగలేదాయన. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందా, అంకెలు తారుమారై ఉండొచ్చు, అలాంటివి ముందు వెతుకు. పోలేదా, సగం చేసి ఆ మొత్తం వోచరు ఉందేమో చూడు, డెబిట్ క్రెడిట్‌లో పడి ఉంటుంది. నాకు ఆ కిటుకు నేర్పింది ఆయనే.

అబ్బో, ఆ రోజులు వేరు అని రాయబోయాను. కానీ నిజంగా వేరేనా? తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరం కూర్చునేవాళ్లం, అంతే. తెలిసి ఉంటే సగం మంది సంచి భుజాన వేసుకునేవాళ్లే. గుంటూరు బండి పేరు చెప్పి జారుకునే ఆయన అప్పుడూ ఉన్నాడు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తే పెద్దది ఏడ్చి ఏడ్చి అత్తయ్య ఒళ్లో నిద్రపోయి ఉండేది. కోర్ బ్యాంకింగ్, అదే బ్రాంచీలన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ, వచ్చాక ఏ కౌంటరులో ఎంత తగ్గిందో మెషినే చెప్పేస్తోంది. చిన్నదాన్ని వెలుగుండగా చూసుకోగలిగానంటే దాని పుణ్యమే. కాకపోతే మిగతావాళ్లకి కూర్చోవాల్సిన అవసరమూ పోయింది.

ఇవాళ నేను ఉండిపోవడంలోనూ గొప్పేం లేదు. స్ట్రాంగ్ రూమ్ తాళం ఒకటి నా దగ్గరే ఉంది, క్యాష్ లోపలికి వెళ్లందే కదలలేను. ఉండాల్సిన పనే లేనివాడు మా లోన్ల అబ్బాయి. ఇయర్‌ఫోన్స్ చెవుల్లోంచి తీయడని ఈ డైరీలోనే ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇవాళ తీసి జేబులో పెట్టుకున్నాడు. "మేడమ్, నేను చదువుతా, మీరు స్క్రీన్ చూడండి" అని వోచర్ల కట్ట లాక్కున్నాడు. 5,400 తొమ్మిదితో భాగిస్తే 600. తారుమారే అయ్యుంటుందని చెప్పాను. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కో అంకె చూస్తూ కూర్చుంది. దొరికింది. 1,700 డిపాజిట్, 7,100 అని కొట్టింది. ఆ తప్పు ఎంట్రీని వెనక్కి తీసే రివర్సల్ నేనే పాస్ చేశాను.

అంతలో కేబిన్ తలుపు తెరుచుకుంది. నలుగురం నవ్వుతూ ఫోటో. ఇంటికి చేరేలోపు రీజియన్ గ్రూపులో పడింది, 'మా టీమ్ స్పిరిట్' అని. నేను మాత్రం బొటనవేలు పెట్టలేదు.

అసలు తంటా రేపు. ఆ డిపాజిట్ మనిషికి ముందు 7,100 పడిందని మెసేజ్ పోయింది, సాయంత్రం అదంతా తీసేసినట్టు ఇంకోటి పోయుంటుంది. షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడతాడు. ఆ పిల్ల కంటే ముందే నేను వెళ్లాలి. ఈయనకి రేపు టిఫిన్ హోటల్లోనే అని పొద్దున్నే చెప్పాలి.