ఆయనకు తెలుసు, మనకు చెప్పలేదు

వేదాహం సమతీతాని వర్తమానాని చార్జున
భవిష్యాణి చ భూతాని మాం తు వేద న కశ్చన

గీత ఏడో అధ్యాయంలో 26వ శ్లోకం ఇది. గతించిన ప్రాణులను, ఇప్పుడున్నవాటిని, ఇకముందు రాబోయేవాటిని కూడా నేనెరుగుదును అర్జునా, నన్ను మాత్రం ఎవరూ ఎరుగరు అంటున్నాడు కృష్ణస్వామి. మొదటి సగంతో మనకెవరికీ పేచీ లేదు. "అంతా పైనున్నోడు చూస్తాండాడప్పా" అనే మాట మా అనంతపురం వైపు పొద్దున లేస్తే చెవిన పడుతూనే ఉంటుంది. ఇబ్బందంతా రెండో సగంతోనే. ఆయనకు అన్నీ తెలుసు, సరే, నా సంగతి వరకు కాస్త ముందుగా చెప్తే ఏం పోయింది అని లోపల ఒక గొణుగుడు మనలో చాలామందికి ఉంటుంది. పిల్లకు సంబంధం కుదురుతుందా, రిపోర్టులో ఏం వస్తుంది, ఈసారైనా వాన పడుతుందా అని. ఆ గొణుగుడుతోనే జాతకాలు పట్టుకుని తిరుగుతాం, ఒక సిద్ధాంతి చెప్పింది నచ్చకపోతే ఇంకొకాయన దగ్గరికి పోతాం.

ఈ శ్లోకాన్ని ఒక్కదాన్నే కాకుండా దాని ముందూ వెనకా ఉన్నవాటితో కలిపి చదవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ముందు శ్లోకంలో, యోగమాయ కప్పి ఉండటం వల్ల నేను అందరికీ కనపడను అన్నాడు. తర్వాతి శ్లోకంలో, కోరిక వల్ల, ద్వేషం వల్ల పుట్టే ద్వంద్వాల మోహంలో పడి ప్రాణులన్నీ పుట్టుకతోనే తికమకలో ఉంటాయన్నాడు. అంటే మనకు ఎందుకు కనపడదో కూడా అక్కడే చెప్పేశాడు. ఇది కావాలి, అది రాకూడదు అని గట్టిగా పట్టుకుని చూసే కంటికి ఎదురుగా ఉన్నది కూడా ఉన్నట్టు కనపడదు. అలాంటి మనకు రేపటి సంగతి ముందే తెలిసినా మోయగలమా అన్నది నాకైతే అనుమానమే.

మా జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన. నైరుతి మేఘం పడమటి కనుమలు దాటి మా దాకా వచ్చేసరికి దాంట్లో ఏమంత మిగలదు. అందుకే ఇక్కడ భక్తికైనా, దిగులుకైనా బోరు దగ్గరే అసలు పరీక్ష. మా చిన్నాయన బోరు వేయించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీళ్ల జాడ చూసి పాయింట్ పెట్టే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచాడు, ఒకచోట టెంకాయ నిలబడింది, అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు. పసుపు, కుంకుమ, కర్పూరం, కదిరి నరసింహస్వామికి మొక్కు, అన్నీ అయ్యాక బండి స్టార్ట్ చేశారు. ఇక దుమ్మే దుమ్ము. బూడిద రంగు రాతిపొడి లేచి అందరి కనుబొమ్మల మీద, పక్కనున్న చింతచెట్టు ఆకుల మీద పేరుకుంది. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా చిన్నాయన వంగి పిడికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలిపి, తడి తగులుతుందేమో అని చూసేవాడు. తగల్లేదు. ఏడొందల అడుగులు దాటాక ఆయనే చెయ్యెత్తి ఆపమన్నాడు.

ఆ రాత్రి చిన్నమ్మ ఏడుస్తూ, స్వామికి మొక్కుకోనే కదా మొదలుపెట్టింది, ఆయన చూడలేదా అంది. చిన్నాయన గోడకు ఆనుకుని కూచుని, "చూడకుండా యాడికి పోతాడే. ఆడ నీళ్లు లేవని ఆయనకు తెల్సు. నాకు చెప్పలేదు. చెప్పల్లని రూలేమన్నా ఉందా?" అన్నాడు. ఆయన గీత చదివిన మనిషి కాదు. కానీ "మాం తు వేద న కశ్చన" అన్నదానికి అంత సూటైన వ్యాఖ్యానం నేను ఇంకెక్కడా వినలేదు.

ఇక్కడే ఒకమాట చెప్పాలి. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి "అంతా మన మంచికేలే, దేవుడు ఏదో ఆలోచించే చేసింటాడు" అని వెంటనే అనేయడం నాకు నచ్చదు. అప్పు తెచ్చి బోరు వేసి దుమ్ము చూసినవాడికి అందులో మంచి ఏముందో మనం చూశామా? ఆయనకు తెలుసు అని నమ్మడం భక్తి. ఆయన ఎందుకు చేశాడో నాకూ తెలుసన్నట్టు మాట్లాడితే, నన్ను ఎవరూ ఎరుగరు అని ఆయనే అన్నమాటను పక్కకు నెట్టినట్టే. అలాంటప్పుడు పక్కన కూచుని ఇన్ని కాఫీనీళ్లు ఇప్పిస్తే చాలు.

కదిరి గుడిలో స్వామి పక్కన ప్రహ్లాదుడు ఉంటాడు. ఫాల్గుణంలో తేరు లాగే రోజు ఆ జనంలో, రథం మీదికి మిరియాలూ దవనమూ విసిరే ఆ సందడిలో, నాకు ఎప్పుడూ ఆ పిల్లవాడి గురించే ఆలోచన. ఆ కథలో మనం పెద్దగా పట్టించుకోని సంగతొకటి ఉంది. స్తంభాన్ని చూపించింది ప్రహ్లాదుడు కాదు, హిరణ్యకశిపుడు. వ్యాసుడి సంస్కృత భాగవతంలో పిల్లవాడు అన్నది ఆయన అంతటా ఉన్నాడని మాత్రమే. ఈ స్తంభంలోంచే వస్తాడు, ఇప్పుడే వస్తాడు, నన్ను ఇలా కాపాడతాడు అని అక్కడ అనలేదు. ఆయన ఉన్నాడన్నది తెలుసు, ఏం చేస్తాడన్నది ఆయనకే వదిలేశాడు. తండ్రి గదతోనో కత్తితోనో మీదికి వస్తున్నప్పుడు కూడా ఆ వదిలేయడంలో తేడా రాలేదు.

ప్రహ్లాదుడికి చివరికి మేలే జరిగింది కదా అని ఎవరైనా అంటే అర్జునుణ్ణి చూడమంటాను. విశ్వరూపంలో భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఏమైపోతారో అర్జునుడికి ముందే కనపడింది. "ద్రోణం చ భీష్మం చ జయద్రథం చ" అని పేర్లు పెట్టి మరీ చెప్పాడు కృష్ణుడు, నువ్వు నిమిత్తమాత్రుడివి, గెలుస్తావు అన్నాడు. అభిమన్యుడి మాట మాత్రం ఎత్తలేదు. జయద్రథుడు చస్తాడని చెప్పిన నోటితోనే, ఆ జయద్రథుడు అడ్డుపడ్డందువల్ల నీ కొడుకు పద్మవ్యూహంలో ఒంటరివాడవుతాడని చెప్పలేదు. పదమూడో రోజు సాయంత్రం శిబిరానికి వచ్చాకే ఆ తండ్రికి తెలిసింది. ఏడ్చాడు, మండిపడ్డాడు, శపథం పట్టాడు. పద్నాలుగో రోజు పొద్దున మళ్లీ అదే రథం ఎక్కాడు, పగ్గాలు అదే కృష్ణుడి చేతుల్లో ఉన్నాయి. ఏడవకపోవడమే నమ్మకం అనుకునేవాళ్లు ఈ రెండు రోజుల కథ ఒకసారి చదవాలి.

అన్నీ ఆయనకు తెలిసి, అన్నీ ఆయన చేతిలోనే ఉంటే మనం చేయడానికేముంది అని కుర్రవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. పద్దెనిమిదో అధ్యాయంలో, ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లా తిప్పుతున్నాడని 61వ శ్లోకంలో చెప్పిన స్వామే, 63కి వచ్చేసరికి "యథేచ్ఛసి తథా కురు" అన్నాడు. అంతా బాగా ఆలోచించుకో, నీకెలా తోస్తే అలా చెయ్యి అని. కాబట్టి భూగర్భజలాల వాళ్ల చేత సర్వే చేయించుకోండి, పంటకు బీమా కట్టండి, రిపోర్టు రాగానే డాక్టర్ దగ్గరికి పొండి. ఫలితం కోసం ఎదురుచూసే రోజుల్లో టెన్షన్ తట్టుకోలేకపోతే ఇంకో జాతకం చూపించుకునే బదులు ఏడో అధ్యాయంలో 25, 26, 27 శ్లోకాలు మూడూ వరసగా, పైకి వినపడేలా చదవండి. అర్థం తెలుగులోనే చదువుకున్నా పర్వాలేదు.