ఖాళీ సున్నా

మొన్న సంక్రాంతికి ఇక్కడి తెలుగువాళ్లమంతా కలిసినప్పుడు నేనొక సగం అబద్ధం ఆడాను. ఇక్కడ అంటే అమెరికాలో, ఇండియానాపొలిస్ ఉత్తర శివారు. "మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఒకావిడ అడిగితే "హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉంది" అన్నాను. ఆవిడ భర్తకు ఆటల పిచ్చి. "ఏ పొజిషన్ అండీ?" అన్నాడు వెంటనే. నేను అరిసె ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమలడం మొదలుపెట్టాను.

అసలు సంగతి వేరు. ట్రైఅవుట్స్‌లో మా అమ్మాయిని తీసుకోలేదు. రెండు రోజులు గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. మూడో రోజు తనే కోచ్ దగ్గరికి వెళ్లి మేనేజర్‌గా చేరతానని అడిగి వచ్చింది. మేనేజరంటే మన ఆఫీసుల్లో మేనేజర్ అనుకునేరు. నీళ్ల సీసాలు నింపాలి, తువాళ్లు అందించాలి, బంతులు ఏరాలి, ఆట జరిగినంతసేపూ బల్ల దగ్గర కూర్చుని స్కోర్‌బుక్ రాయాలి. "ఎవరి పిల్లలకో నీళ్లందించడానికా ఇంత దూరం వచ్చింది?" అని వాళ్ల నాన్నతో అన్నాను. పిల్ల వినేసింది. ఆ మాట వెనక్కి తీసుకోవడం ఇప్పటికీ చేతకాలేదు నాకు.

ఈ రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మనకు సంక్రాంతి పందేల్లాంటి వ్యవహారం. మైలన్ అనే చిన్న ఊరి హైస్కూల్, మొత్తం 161 మంది పిల్లలు, 1954లో 32-30తో రాష్ట్ర ఛాంపియన్ అయింది. కొత్తగా వచ్చిన ఏడాది మా ఆఫీసులో ఒకాయన ఈ కథ నాకు కళ్లనీళ్లతో చెప్పాడు. న్యూకాజిల్ అనే ఊళ్లో బడి జిమ్‌లో ఎనిమిది వేల మందికి పైగా కూర్చోవచ్చు. అంత జనం ఒక హైస్కూల్ ఆటకి ఎందుకొస్తారా అనుకునేదాన్ని.

ఆ శుక్రవారం రాత్రి తెలిసింది. ఆట అవతలివాళ్ల జిమ్‌లో. వాళ్ల జట్టులో 24వ నంబరు అమ్మాయి ఉంది. హైస్కూల్ జెర్సీల మీద 6, 7, 8, 9 అంకెలు ఉండవని, రిఫరీ వేళ్లతో నంబరు చూపించాలి కాబట్టి ఒక చేతికి అయిదు దాటకూడదని కార్లో మా అమ్మాయే చెప్పింది. ఆ 24 మరీ పొడగరి కూడా కాదు. చూడగానే భయపడాల్సిందేమీ కనపడలేదు నాకు.

మొదటి అయిదు నిమిషాల్లో ఆమె పెద్దగా చేసిందేమీ లేదనుకున్నాను. బంతి తెచ్చి, ఎవరికో ఇచ్చి, పక్కకు నడిచేది. నా చూపు బంతి వెంట పోతోంది. ఆమె చూపు ఖాళీ మీద ఉంది. మనవాళ్లు ఇద్దరు మీదికి వస్తే, వాళ్లు దగ్గరయ్యేలోపే బంతి ఆ వచ్చిన ఖాళీలోకి వెళ్లిపోయేది. ఎదుటి పిల్ల బరువు ముందుకాలి మీదికి మారిన క్షణం ఈమె రెండో పక్క నుంచి బుట్ట కింద ఉండేది. పరుగులో తొందర లేదు. ఆగడంలోనే ఉంది ఆమె పనంతా.

మూడో క్వార్టర్‌లో మా కోచ్ నలుగురిని బుట్ట చుట్టూ నిలబెట్టి, ఒక్క పిల్లను 24కి అంటించాడు. ఆ పిల్ల ప్రాణం పెట్టి ఆడింది. నాలుగో ఫౌల్ పడింది. అయిదోది పడితే ఆట నుంచే బయటికి, అందుకని బెంచీ మీదికి పిలిచాడు. తర్వాతి మూడు నిమిషాల్లో 24 ఒక్కతే 11 పాయింట్లు కొట్టింది. మూడు పాయింట్ల గీతకు రెండడుగుల వెనక నుంచి ఒకటి వేసినప్పుడు నేను లేచి చప్పట్లు కొట్టాను. మా వైపు కూర్చున్న తల్లులు తిరిగి చూశారు. కూర్చున్నాను.

అప్పుడు బల్ల వైపు చూశాను. అక్కడ కూర్చున్నవాళ్లు ఏ పక్షానికీ కేకలు వేయకూడదు. మా అమ్మాయి ముఖంలో ఏమీ లేదు. కానీ బంతి గాల్లో ఉన్నంతసేపూ పెన్సిల్ కూడా గాల్లోనే ఉండేది, బుట్టలో పడ్డాకే కాగితం మీదికి దిగేది. మధ్యలో ఒకసారి టైమవుట్‌లు ఎన్ని మిగిలాయని రిఫరీ వచ్చి అడిగితే, పక్కనున్న పెద్దాయన కంటే ముందే వేళ్లతో చూపించింది. ఇంట్లో సాంబారులో ఉప్పేశావా అంటే జవాబు చెప్పని పిల్ల!

58-41తో ఓడిపోయాం. 58లో 35 ఆ అమ్మాయివే.

పార్కింగ్‌లో కారు అద్దాల మీద మంచు కరిగేదాకా కూర్చున్నాం. తెనాలిలో శనివారం ఉదయం ఏడున్నర. మా నాన్న కాఫీ అయిపోయి ఫోన్ కోసం కాచుకుని ఉన్నారు.

"ఎన్ని వేశావు బంగారం?"

నా గుండె ఝల్లుమంది. ఆయనకూ నేను చెప్పింది ఆ సగమే.

"నేను వెయ్యను తాతయ్యా. రాస్తాను," అంది, పుస్తకం తెరిచి ఫోన్ ముందు పెట్టి.

సబ్‌ట్రెజరీలో 31 ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. కళ్లజోడు పైకి నెట్టి, స్క్రీన్ నిండా నుదురే కనపడేంత దగ్గరికి వచ్చారు. 24 ఎదురుగా ఉన్న వరస గొణుక్కుంటూ చదివారు. రెండ్లు తొమ్మిది, మూళ్లు నాలుగు, సున్నాలు ఆరు. సున్నా ఏమిటని అడిగితే ఫ్రీ త్రో అని, ఒకటికి ఒక పాయింటని చెప్పింది.

"అయితే 36 రావాలి కదమ్మా? 35 వేశావేం?"

"చివర్ది చూడు తాతయ్యా. దాని లోపల నలుపు లేదు. ఖాళీ. అది పడలేదు."

ఆయన మళ్లీ మొదటినుంచి కూడారు. నేను వైపర్లు వేసి ఆపేశాను, చప్పుడవుతోందని.

"సరిపోయింది. అంకెలు కుదురుగా వేశావు," అన్నారు. "ఇక మీవాళ్ల పేజీ తిప్పు."