క్లాసులకు ఎన్ని రోజుల ముందు వెళ్లాలి? నా అనుభవం

విదేశంలో మెడిసిన్ సీటు ఖాయమైన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. నాన్న నెల ముందే వెళ్లి స్థిరపడమన్నారు. "రెండు రోజుల ముందు దిగితే సరిపోదా తల్లీ, మళ్లీ ఎప్పుడొస్తావో ఏమో" అంది అమ్మ. అదే కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్న ఒక అక్కని అడిగాను. "క్లాసుల తేదీ చూసి టికెట్ కొనకు. మొదటి క్లాసు నాటికి నీ చేతిలో ఏ కాగితాలు ఉండాలో రాసుకో, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టు" అంది.

ముందుగా చూసుకోవాల్సింది వీసా. అమెరికా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. బ్రిటన్‌లో ఆరు నెలలు దాటిన కోర్సుకైతే నెల ముందు నుంచి వెళ్లొచ్చు. నాన్న అన్న నెలకి నా వీసా అడ్డు కాలేదు గానీ, హాస్టల్ అడ్డొచ్చింది. గది తాళాలు క్లాసులకు 12 రోజుల ముందు మాత్రమే ఇస్తారు.

అక్కడే నా లెక్క తప్పింది. ఒక వారం అద్దె గదిలో ఉండి పనులన్నీ ముందే చక్కబెట్టుకుందామని 19 రోజుల ముందు దిగాను. మర్నాడే నివాస నమోదుకు, అంటే ఎక్కడ ఉంటున్నామో అధికారికంగా రాయించుకోవడానికి, వెళ్తే తాత్కాలిక చిరునామా చెల్లదన్నారు. చిరునామా లేనిదే నమోదు లేదు, నమోదు లేనిదే బ్యాంకు ఖాతా లేదు. ఫైలు చేత్తో పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అమ్మ దగ్గర ఇంకో వారం ఉండాల్సిందని ఆ రోజంతా అనిపించింది.

ఆ వారం నిద్రకి మాత్రం పనికొచ్చింది. రెండు దేశాల సమయాల మధ్య ఎన్ని గంటల తేడా ఉంటే శరీరం కుదుటపడటానికి దాదాపు అన్ని రోజులు పడుతుందంటారు. తూర్పు వైపు వెళ్లేవాళ్లకి ఇంకా కష్టం. నాకు ఐదు రాత్రులు మూడింటికే మెలకువ వచ్చేసింది. ఆ కళ్లతో అనాటమీ క్లాసులో కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

అసలు టెన్షన్ పెట్టింది టీబీ చర్మపరీక్ష. ఆ రిపోర్టు లేకపోతే ఆస్పత్రి వార్డుల్లోకి పంపరు. బయల్దేరడానికి 20 రోజుల ముందు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేయించుకున్నాను. ఆ టీకా తర్వాత కొన్నాళ్లు చర్మపరీక్ష ఫలితం సరిగ్గా రాకపోవచ్చు. అందుకే రెండూ ఒకే రోజు చేయించుకోవాలి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి. నాకెవరూ చెప్పలేదు. క్లినిక్‌లో లెక్క చూసి, నాలుగు వారాలు గురువారానికి నిండుతాయన్నారు. గురువారం చేస్తే ఫలితం 48 నుంచి 72 గంటల లోపు చూడాలి కాబట్టి శని, ఆదివారాల్లో పడుతుంది, అప్పుడు క్లినిక్ ఉండదు. దాంతో సోమవారానికి జరిగింది.

ముంజేతి లోపలివైపు సన్నటి సూదితో మందు ఎక్కిస్తే చర్మం చిన్న బుడగలా లేచింది. చుట్టూ పెన్నుతో గీత గీశారు. బుధవారం నర్సు కళ్లతో చూసి పంపేస్తుందనుకున్నాను. ఆవిడ వేలితో నెమ్మదిగా తడిమి, గట్టిగా తగిలినంత మేరే స్కేలు పెట్టి కొలిచింది. ఎర్రబడినది లెక్కలోకి రాదట. రిపోర్టు చేతికొచ్చేసరికి క్లాసులకు ఇంకా ఐదు రోజులే ఉంది.

హెపటైటిస్ బి టీకాల సంగతి వేరు. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు పడాలి కాబట్టి అక్కడికి ఎంత ముందు వెళ్లినా లాభం లేదు, ఇంట్లో ఉండగానే మొదలుపెట్టాలి. అదృష్టవశాత్తూ నావి పూర్తయ్యాయి.

ఇప్పుడైతే హాస్టల్ తాళాలిచ్చే ముందు రోజుకి టికెట్ కొంటాను. తాళాలు వచ్చాక మర్నాడే నమోదు అయిపోయింది, ఆ తర్వాత బ్యాంకు పని కూడా తెమిలింది. ఆ 12 రోజుల్లో ఒక్కటి కూడా వృథా కాలేదు.

మొదటి రోజు క్లాసులో నా పక్కన కూర్చున్న అమ్మాయి శుక్రవారమే దిగిందట. ఆ పొద్దున్నే పరీక్ష చేయించుకుని వచ్చింది, ముంజేతి మీద పెన్ను గీత ఇంకా తాజాగా ఉంది. బుధవారం రోజంతా ల్యాబు ఉంది, ఎప్పుడు చూపించుకోవాలో తెలియడం లేదంది. గురువారం పొద్దున 72 గంటలు దాటకముందే వెళ్లాలి, లేకపోతే మళ్లీ మొదటి నుంచీ చేయించుకోవాలని చెప్పాను. బుధవారం మధ్యాహ్నం భోజన విరామంలో ఇద్దరం కలిసి క్లినిక్‌కి పరుగెత్తాం.